రెండు జపమాలలు: 108 పూసలది, 59 పూసలది

టిబెట్ బౌద్ధులు వాడే 108 పూసల మాలను, కతోలికుల 59 పూసల జపమాలను ఒకే దుకాణం నుంచి తెప్పించుకుని నాలుగు నెలలుగా వాడుతున్నాను. రెండూ లెక్క కోసమే కదా, పెద్ద తేడా ఏముంటుందిలే అనుకున్న నా అభిప్రాయం మొదటి వారంలోనే మారిపోయింది.

కతోలిక జపమాలలో పదేసి పూసలు ఒక గుత్తిగా ఉంటాయి, గుత్తికీ గుత్తికీ నడుమ కాస్త ఎడంగా ఒంటిపూస ఉంటుంది. గుత్తిలోని ఒక్కొక్క పూసకు మరియమ్మను వేడుకునే మంగళవార్త జపం, ఒంటిపూసకు యేసు నేర్పిన పరలోక జపం చెప్పాలి. కళ్లు మూసుకుని ఉన్నా బొటనవేలికి ఆ ఖాళీ తగలగానే ఒక దేవరహస్యం, అంటే ధ్యానించాల్సిన యేసు, మరియమ్మల జీవిత ఘట్టం, ముగిసి మరొకటి మొదలవుతోందని తెలిసిపోతుంది. నోరు ఒకే జపాన్ని మళ్లీ మళ్లీ పలుకుతుండగా, మనసు యేసు జననం, గెత్సేమనే తోటలోని వేదన, పునరుత్థానం వంటి ఘట్టాలలో ఒకదాని ఎదుట నిలిచి ఉండాలి. సంతోష, దుఃఖ, మహిమ రహస్యాలకు తోడుగా 2002లో రెండవ జాన్ పాల్ పోపు వెలుగు రహస్యాలను చేర్చారు. ఇవేవీ తెలియకుండా పూసలు తిప్పితే సగం సాధనే అవుతుంది కనుక, అమ్మినవారు చిన్న కరపత్రమైనా జతచేయకపోవడం పెద్ద లోపం.

బౌద్ధ మాలలో అలాంటి ఎడం లేదు, కథ కూడా లేదు. ‘ఓం మణి పద్మే హుం’ అంటూ చుట్టంతా తిరిగి, మాల రెండు కొసలూ కలిసేచోట ఉండే గురుపూస రాగానే దానిని దాటకుండా మాలను వెనక్కి తిప్పుకోవాలి. నాకు వచ్చిన మాలలో గురుపూస మిగతావాటికంటే ఏమంత పెద్దది కాకపోవడంతో చాలాసార్లు తెలియకుండానే దాటేశాను. టిబెట్ సంప్రదాయంలో ఒక చుట్టును వందగానే లెక్కిస్తారు, మిగిలిన ఎనిమిదీ పరధ్యానంలో జారిపోయినవాటికి సరిపెడతారు. మనసు నిలకడ లేనిదని ముందే ఒప్పుకున్న ఆ లెక్క నన్ను ఎంతో ఆకట్టుకుంది.

ప్రొటెస్టెంటు సంఘాలలో సాధారణంగా జపమాల వాడరు కాబట్టి, ఈ పోలికను క్రైస్తవమంతటికీ అన్వయించకూడదు.

నాణ్యత విషయానికొస్తే, బౌద్ధ మాల పూసలకు పెట్టిన ‘బోధి గింజలు’ (రావి గింజలు) అన్న పేరు నమ్మదగినది కాదు. రావి గింజలు ఆవగింజకంటే చిన్నవి, వాటితో మాల గుచ్చడం కుదరదు. అయినా పూసలు నున్నగా, వేలికి హాయిగా ఉన్నాయి. జపమాల తీగ కొక్కెం మాత్రం మూడో వారంలోనే విడిపోయింది. రోజూ వాడేవారు తీగది కాకుండా దారంతో ముడివేసినది తీసుకోవడం మంచిది.