పాత పశువుల కొట్టానికి హైడ్రాలిక్ సున్నం: వాడి చూశాక

రాతిగోడల పశువుల కొట్టాన్ని ఇల్లుగా మార్చుకునేవారు ముందుగా తేల్చుకోవలసింది గోడలకు ఏమి పూయాలన్నదే. మేము లోపలి గోడలన్నిటికీ, సంచుల్లో పొడిగా దొరికే సహజ హైడ్రాలిక్ సున్నంలో (అంటే నీళ్లు కలిపితే బిగిసే సున్నంలో) 3.5 రకాన్ని వాడాము. వానలు, చలి గడిచే దాకా ఆ గోడల మధ్యే కాపురం చేశాక ఈ సమీక్ష రాస్తున్నాను.

ఈ సున్నం 2, 3.5, 5 అనే మూడు రకాల్లో వస్తుంది. 28 రోజులకు అది కనీసం ఎన్ని మెగాపాస్కల్‌ల ఒత్తిడికి నిలవాలో ఆ అంకె చెబుతుంది. సిమెంటు సంచులపై 32.5, 42.5 చూసినవారికి ఇది బలం చాలనిదిగా తోచవచ్చు గాని, పునాదిలో తేమను ఆపే పొర లేకుండా, మట్టితోనో సున్నంతోనో కట్టిన గోడకు కావలసింది ఆ మెత్తదనమే. నేల నుంచి ఎక్కిన తేమ సున్నపు పొర గుండా ఆవిరైపోతుంది. సిమెంటు పూస్తే అది లోపలే చిక్కుకొని, గోడలోకి దిగిన దూలాల చివరలను కుళ్లబెడుతుంది. మా కొట్టంలో ఎవరో ఎప్పుడో సిమెంటు పూసిన మూలను చెక్కించినప్పుడు, గట్టిగా కనిపించిన పెచ్చు వెనుక రాయి వేలితో రాస్తే రాలేంత నానిపోయి ఉంది.

ఒక పాలు సున్నానికి రెండున్నర పాళ్లు గరుకు ఇసుక సరిపోయింది. కలిపిన కొత్తలో పొడిపొడిగా ఉందని నీళ్లు పోయకూడదు. ఇంకాసేపు తిప్పితే అదే వెన్నలా తాపీకి అంటుకుంటుంది. గోడను బాగా తడిపి, పొరకు సుమారు 10 మిల్లీమీటర్ల మందాన పూయాలి. పూత కొద్దిగా బిగిశాక వెంట్రుకల్లాంటి పగుళ్లు కనిపిస్తే చెక్క పలకతో అదిమి రుద్దాలి, ఆపై తడి గోనెపట్టాలు కప్పాలి. సిమెంటుకు అలవాటుపడిన మేస్త్రీలకు ఇంత ఓపిక ఉండదు, వారి తప్పూ కాదు. ఉష్ణోగ్రత 5 డిగ్రీలకు దిగితే పని ఆపవలసిందే. సున్నం కళ్లలో పడితే ప్రమాదం కనుక కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి.

నా ఫిర్యాదల్లా సంచిపై ఇచ్చే సూచనల గురించే. పశువుల కొట్టాల్లో ఏళ్ల తరబడి మూత్రం, పేడ ఇంకిన గోడల్లో నైట్రేట్ లవణాలు పేరుకుపోతాయి, గాలిలోని తేమనూ పీల్చుకుంటాయి. అందువల్ల పశువులను కట్టేసిన వైపు మోకాలెత్తు దాకా కొత్త పూతపై తెల్లని ఉప్పు తేలి, అక్కడక్కడ రాలింది. ఈ సంగతి సంచిపై ఒక్క ముక్క కూడా లేదు. అలాగే బయటి మట్టి లోపలి నేల కన్నా ఎత్తుగా ఉంటే, దాన్ని తవ్వి దించకుండా ఏ సున్నం పూసినా లాభం లేదు.

మిగతా గోడలు పొడిగా, గట్టిగా ఉన్నాయి కనుక మళ్లీ ఇదే కొంటాను. ఉప్పు తేలిన వైపు మాత్రం కొంతకాలం రాయిని అలాగే వదిలి, ఉప్పు రాలిన కొద్దీ ఊడ్చి, ఆ తరువాతే పూయించాలనుకుంటున్నాము.