రోటాక్స్ 912 యూఎల్ఎస్: ఎండలో, ఎత్తులో ఏళ్ల తరబడి వాడాక

ముందే చెప్పేస్తున్నా. రెండు సీట్ల విమానం సొంతంగా కట్టుకుని, పొట్టి రన్‌వే మీంచి లేవాలనుకునేవాళ్లు రోటాక్స్ 912 యూఎల్ఎస్ ఇంజన్ తీసుకోండి. ఖర్చు బాధ ఉంటుంది, పెట్రోల్ బాధ అంతకన్నా ఎక్కువ ఉంటుంది. అయినా నా మాట ఇదే.

మాది చిత్తూరు. విమానం జెనిత్ సీహెచ్ 701, కిట్ తెప్పించుకుని కట్టినది. మనుషులు, పెట్రోల్‌తో కలిపి 500 కిలోలు దాటకూడదు. అది ఉండేది బెంగళూరు వైపు ఒక ఎయిర్‌స్ట్రిప్‌లో. పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా వెళ్లి ఎగిరి వస్తుంటాం.

మన ఎండకు ఇంజన్ నీరసపడుతుందని అందరూ అంటారు, నిజమే. చిత్తూరు ఎత్తు 330 మీటర్ల చిల్లర. 40 డిగ్రీల ఎండలో ఇక్కడి గాలి సుమారు 4,300 అడుగుల ఎత్తులో ఉన్నంత పలుచగా ఉంటుంది. చల్లని ఊరు అనుకునే బెంగళూరులో ఇంకా కష్టం. 900 మీటర్ల ఎత్తుకు ఏప్రిల్ నెల 34 డిగ్రీలు తోడైతే ఆ లెక్క 6,000 అడుగుల దగ్గరికి పోతుంది. కాగితం మీది 100 హార్స్‌పవర్‌లో అక్కడ చేతికొచ్చేది 80 పైచిలుకే. ఈ ఇంజన్‌లోని రెండు బింగ్ కార్బ్యురేటర్లు (గాలిలో పెట్రోల్ కలిపి ఇంజన్‌కు పంపేవి) పలుచబడిన గాలికి తగ్గట్టు పెట్రోల్‌ను వాటంతట అవే సర్దుకుంటాయి. ఆ పాళ్లను చేత్తో సర్దే మిక్స్చర్ లివర్‌తో కుస్తీ లేదు. మధ్యాహ్నం టేకాఫ్‌లో నాకు సగం టెన్షన్ తగ్గించింది ఇదే.

హార్స్‌పవర్ అంకె చూసి మురిసిపోకండి, నిలబడ్డ చోటి నుంచి ఎంత బలంగా లాగుతుందో చూడండి. ఇంజన్ 5,800 ఆర్‌పీఎంలో (నిమిషానికి అన్ని చుట్లు) తిరిగినా, వేగాన్ని 2.43 వంతున తగ్గించే గేరు వల్ల ప్రొపెల్లర్ 2,400 లోపే తిరుగుతుంది. అందుకే పెద్ద ప్రొపెల్లర్ పెట్టుకోవచ్చు, తక్కువ వేగంలో గట్టిగా లాగుతుంది. ఇంకో ఇంజన్ జబిరు 2200లో గేరు లేదు, ప్రొపెల్లర్ నేరుగా 3,300లో తిరుగుతుంది కాబట్టి చిన్నదే పెట్టాలి. కాంటినెంటల్ ఓ-200 ఇంజన్ నమ్మకమైనదే, కానీ ఇరవై కిలోల పైన అదనపు బరువు ఈ విమానం ముక్కు మీద మోయించడం నాకు నచ్చలేదు. రెండు స్ట్రోకుల రోటాక్స్ 582 తేలిక, చవక. అయితే 300 గంటలకే ఓవర్‌హాల్, అంటే మొత్తం విప్పి బాగు చేయించడం. 912 యూఎల్ఎస్‌కు ఇప్పుడు 2,000 గంటలు లేదా 15 ఏళ్లు.

ఇబ్బంది పెట్టింది ఫ్లోట్లు, అంటే కార్బ్యురేటర్ గిన్నెలో తేలుతూ పెట్రోల్ మట్టాన్ని అదుపులో ఉంచే చిన్న ముక్కలు. ఒక వేసవిలో ఇంజన్ ఐడిల్‌లో (థ్రాటిల్ పెంచకుండా నెమ్మదిగా తిరిగేటప్పుడు) కుంటుతున్నట్టు ఊగడం మొదలైంది, ఒక కార్బ్యురేటర్ నుంచి పెట్రోల్ కారిన మరక కనిపించింది. కింద గిన్నె విప్పి, రెండు ఫ్లోట్లూ తీసి, తుడిచి చిత్తూరు తెచ్చాను. ఒక కార్బ్యురేటర్‌లోని జత కలిపి 7 గ్రాములు దాటకూడదని కంపెనీ నియమం. అంత సన్నటి తూకం మా వీధిలో నగలు చేసే ఆచారి గారి దగ్గరే ఉంది. "ఇదేం వస్తువు సామీ?" అంటూనే తక్కెడలో పెట్టారు. ఎనిమిది దాటింది. పెట్రోల్ పీల్చుకుని బరువెక్కాయి. కొత్తవి వేశాక కుంటడం పోయింది. అప్పటి నుంచి ప్రతి తనిఖీలో తూకం తప్పనిసరి.

ఇక పెట్రోల్. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసినది, రోటాక్స్ ఒప్పుకునేది 10 శాతం వరకే. కాబట్టి విమానాల కోసం చేసే పెట్రోల్, ఏవీగ్యాస్ 100 ఎల్ఎల్ వాడుతున్నాను. 2022 నుంచి ఇండియన్ ఆయిల్ దీన్ని వడోదరలో తయారు చేస్తోంది, అంతకుముందు అంతా దిగుమతే. ఇందులోని సీసం గేర్‌బాక్స్‌లో, ఆయిల్ ట్యాంకులో బూడిదరంగు మడ్డిగా పేరుకుంటుంది. అందుకే 100 గంటలకు మార్చే ఆయిల్‌ను 50కే మార్చాలి, పూర్తి సింథటిక్ ఆయిల్ వాడకూడదు. క్రూయిజ్‌లో, అంటే పైకి లేచి నిలకడగా సాగేటప్పుడు, గంటకు 18 లీటర్ల చుట్టూ తాగుతుంది. ఏవీగ్యాస్ ధరకు అది జేబుకు తగిలే మాటే.

రోజువారీ పని తక్కువే. ఆయిల్ చూసే ముందు ఇగ్నిషన్ స్విచ్‌లు రెండూ ఆఫ్ చేసి, ప్రొపెల్లర్‌ను అది తిరిగే దిక్కుకే చేత్తో తిప్పాలి. ఇంజన్‌లోని ఆయిల్ ట్యాంకుకు చేరి గుడగుడమని చప్పుడు వచ్చాకే డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) లెక్క నిజం. ఐడిల్‌ను 1,400 కిందికి దించకండి, గేర్‌బాక్స్ దడదడలాడుతుంది.

పాత ఇంజన్ కొనేవాళ్లు గంటల అంకె ఒక్కటే చూడొద్దు. రబ్బరు గొట్టాలు ఐదేళ్లకోసారి మార్చారా, ప్రొపెల్లర్ ఎప్పుడైనా నేలకు తగిలిందా, తగిలితే గేర్‌బాక్స్ విప్పి చూశారా అని లాగ్‌బుక్‌లో వెతకండి. ఆ పేజీలు లేకపోతే ధర ఎంత తగ్గించినా కొనకండి.