భీమిలి వన్‌డే ప్యాకేజీకి అడ్వాన్స్ కట్టేముందు ఇది చదవండి

నిన్న రాత్రే ఇంటికి చేరాం. కోపం ఇంకా తగ్గలేదు, రాతలో తప్పులుంటే సర్దుకోండి. ఎవరి గురించి చెబుతున్నానో మీలో చాలామందికి తెలిసిపోతుంది. డ్రోన్ వీడియోలు పెట్టి, బీచ్ వ్యూ రూమ్, బోట్ రైడ్, చేపల భోజనం, ఎర్రమట్టి దిబ్బలు, తొట్లకొండ అన్నీ ఒకే ప్యాకేజీలో అని ఊరిస్తున్నవాళ్లే. పేరు మాత్రం ఇక్కడ రాయను. ఫిర్యాదు పెట్టాను, అక్కడే తేలాలి.

ఆరుగురికి 9,500. అందులో 5,000 ముందే ఫోన్‌పే చేయించుకున్నారు, మిగతాది దిగగానే తీసుకున్నారు. రూమ్ కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. సరే, సాయంత్రం దాకే కదా అని ఊరుకున్నాం. "పొద్దున పట్టిన కోనెం" అని పెట్టిన చేప ముక్కలో ఐస్ వాసన. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఇంజిన్ పడవలకు వేట నిషేధమని తెలిసి కూడా, మే నెలాఖరులో ఆ మాట నమ్మాను. అప్పుడైనా అనుమానపడాల్సింది.

ఈ ప్రయాణం అసలు మా నాన్న కోసం. 71 ఏళ్లు, హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. డచ్చివాళ్లు భీమిలిలో వ్యాపారం చేశారని, వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయని ఏళ్ల తరబడి పిల్లలకు పాఠం చెప్పిన మనిషి, ఒక్కసారీ చూడలేదు. తొట్లకొండ మీద బౌద్ధ భిక్షువులు నీళ్ల కోసం రాతిలో తొలిచిన తొట్లున్నాయని, కొండకు ఆ పేరు అందుకే వచ్చిందని రైల్లో మనవలకు చెబుతూనే ఉన్నారు. ఆయన సంబరం చూసే నేను డబ్బు గురించి ఎక్కువ అడగలేదు.

ఇక బోటు. గోస్తనీ నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఎక్కించారు. మేం ఆరుగురం, నడిపే పెద్దాయన, ప్యాకేజీ మనిషి ఒకడు. లైఫ్ జాకెట్లు రెండే ఉన్నాయి. పిల్లలకు వేశాం. మా చిన్నోడి జాకెట్‌కు బకిల్ విరిగిపోతే ఆ జాగాలో తెగిన వల తాడు కట్టి ఉంది. నేను ఆ ముడి పట్టుకుని చూశాను కూడా. చూసి, అడిగి, "ఏం కాదు మేడమ్, పది నిమిషాలే" అంటే ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం నా తప్పే. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగినప్పుడు టీవీ ముందు కూర్చుని ఏడ్చినదాన్ని, జాకెట్ లేకుండా మా నాన్నను ఎలా ఎక్కనిచ్చాను?

అలలు దాటాక ఇంజిన్ ఆపేశారు. మొదట ఫోటోల కోసమేమో అనుకున్నాం. ఆ ప్యాకేజీ మనిషి ఇటు తిరిగి, "ఇక్కడి నుంచి డాల్ఫిన్ పాయింట్, మనిషికి 500 ఎక్స్‌ట్రా" అన్నాడు. మాకు వద్దు, ఒడ్డుకు తీసుకెళ్లమన్నాం. "వెనక్కి వెళ్లాలన్నా డీజిల్ అవుతుంది, అంతే పడుతుంది" అన్నాడు. ప్యాకేజీలోనే ఉంది కదా అని మా ఆయన గట్టిగా అడిగితే వాడు అన్న మాట ఇది: "అయితే ఇక్కడే దిగిపోతారా సార్?"

నవ్వుతూ అన్నాడు. మా పిల్లల ముందు.

ఇంజిన్ ఆగిన బోటు అలకు అడ్డంగా తిరిగితే ఎలా ఊగుతుందో ఎక్కినవాళ్లకే తెలుసు. మా పెద్దది వాంతి చేసుకుంది. నాన్న రెండు చేతులతో బల్లని పట్టుకున్నారు, వేళ్లు తెల్లగా పాలిపోయాయి, ఒక్క మాట మాట్లాడలేదు. ఆడపడుచు ఏడుస్తోంది. నేనే ఫోన్ తీసి 3,000 కొట్టాను. డబ్బు పడినట్టు వాడి ఫోన్ గట్టిగా చెప్పింది, ఆ తర్వాతే ఇంజిన్ స్టార్ట్ అయింది. ఆ గొంతు రాత్రంతా చెవిలో మోగుతూనే ఉంది.

ఒడ్డుకొచ్చాక వాడు జనంలో కలిసిపోయాడు. బోటు నడిపిన పెద్దాయన మాత్రం నాన్నను చెయ్యి పట్టి దింపి, "నాకిచ్చేది ఆరొందలేనమ్మా, ఆ డబ్బులు సంగతి నాకు తెలీదు" అన్నాడు తల వంచుకుని. నిషేధం రోజుల్లో వేట లేక ఆయన వచ్చాడు. భీమిలి జాలర్లను తిట్టకండి, మధ్యలో కూర్చుని తినేవాళ్లు వేరే ఉన్నారు.

ఎర్రమట్టి దిబ్బలకు వ్యాన్ ఏదని ఫోన్ చేస్తే "టైమ్ అయిపోయింది, రీఫండ్ లేదు" అని పెట్టేశారు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. నాన్న సరుగుడు చెట్ల కింద కూర్చుండిపోయారు. డచ్చి సమాధులు దగ్గరే, ఆటోలో వెళ్దామంటే "వద్దులేమ్మా, ఇంటికెళ్దాం" అన్నారు. నాకు ఆ మాటే తగిలింది. 12,500 మళ్లీ సంపాదించుకుంటాం. ఆయన్ని ఇంకోసారి ఒప్పించి తీసుకురాగలనో లేదో.

వెళ్లేవాళ్లకు చెప్పేది ఒకటే, అసలు ప్యాకేజీ అక్కర్లేదు. విశాఖ నుంచి భీమిలి బీచ్ రోడ్డు మీదే తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు రెండూ వస్తాయి. ఆటోనో కారో మాట్లాడుకుంటే మీ ఇష్టం వచ్చినంతసేపు చూడొచ్చు. దిబ్బలకు ఎండ తగ్గాక వెళ్లండి, గాలీ సముద్రమూ వేల ఏళ్లు పేర్చిన ఇసుక అది, అంచుల మీద ఎక్కి తొక్కితే కూలిపోతుంది. బోటు ఎక్కితే మనిషికో జాకెట్ ఉందో లేదో ఒడ్డునే లెక్కపెట్టండి, బకిల్ పెట్టి లాగి చూడండి. ఒక్కటి తక్కువైనా ఎక్కొద్దు.

నేను 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేశాను. బోటు సంగతి పోలీసులకు కూడా రాసిస్తున్నాను. ఇదే ప్యాకేజీలో మీకూ ఇలా జరిగి ఉంటే పేమెంట్ స్క్రీన్‌షాట్లు తీసేయకండి, నాకు మెసేజ్ పెట్టండి. అందరివీ కలిపి ఇద్దాం.