నారాయణగూడ గట్టింగ్ భాయ్: తొమ్మిదేళ్ల కస్టమర్ రివ్యూ

రాకెట్లకు గట్ (తీగలు) బిగించే భాయ్ షాపుకి బోర్డు లేదు. నారాయణగూడ మెట్రో దిగి రెండో సందులోకి తిరిగితే ఒక జిరాక్స్ షాపు, దాని పక్కనే ఇరుకు మెట్లు. పైన ఒకే గది. గుమ్మం దగ్గర చెప్పులకంటే రాకెట్ కవర్లు ఎక్కువ కనిపిస్తే సరైన చోటికే వచ్చారు.

నేను టెన్నిస్ ఆడి బతుకుతున్నాను. ఇంట్లో అద్దె కట్టక్కర్లేదు కాబట్టి అలా చెప్పుకోగలుగుతున్నాను. సింగిల్స్‌లో నా బెస్ట్ ర్యాంకు 612. ఇప్పుడు ఎనిమిది వందలకు కాస్త ఇవతల ఉన్నాను. గ్రాండ్‌స్లామ్ మెయిన్ డ్రా (అసలు టోర్నీ)లోకి ర్యాంకుతో నేరుగా వెళ్లేది 104 మంది. మిగిలినవాళ్లం ఏం చేస్తామో చుట్టాలకు అర్థం కాదు, నేనూ వివరించడం మానేశాను. ఈ మధ్య అకాడమీ పిల్లల తల్లిదండ్రులు "గట్టింగ్ ఎక్కడ చేయిస్తావమ్మా?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ వాట్సాప్‌లో చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను.

గట్ మనం తీసుకెళ్తే టెన్నిస్ రాకెట్‌కి 250 రూపాయలు. మెషిన్ ఎలక్ట్రానిక్‌ది. చూడ్డానికి పాతదే, కానీ భాయ్ రోజూ పొద్దున మొదటి రాకెట్ ఎక్కించే ముందు దానికి కాటా తగిలించి, యాభై పౌండ్లంటే యాభయ్యే లాగుతోందా అని చూసుకుంటారు. ఈ ఒక్క పని చేయనిచోట మీరు చెప్పే టెన్షన్ (గట్ బిగుతు) నంబరుకి అర్థం లేదు. ముడులు చిన్నగా, గట్టిగా వేస్తారు. పగిలిన గ్రోమెట్ (గట్ దూరే రంధ్రానికి ఉండే ప్లాస్టిక్ తొడుగు) కనిపిస్తే అడగకుండానే మార్చి, ఇరవయ్యో ముప్పయ్యో కలుపుతారు.

అసలు పనితనం మెషిన్ ఎక్కక ముందే తెలుస్తుంది. రాకెట్ చేతిలోకి తీసుకుంటూ, "ఈసారి ఎక్కడికి బేటా?" అంటారు. మాట కలపడానికి కాదు. మన హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది, బెంగళూరు 900 దాటుతుంది. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడి బంతి ఎగిరిపోతుంది, అందుకని బెంగళూరు వెళ్తుంటే ఒక పౌండు బిగిస్తారు. ట్యునీషియాలో మొనాస్టిర్ అంటే సముద్రం ఒడ్డు, బంతి బరువుగా వస్తుంది, ఒక పౌండు వదులు చేస్తారు. ఆయన విమానం ఎక్కింది ఒకే ఒక్కసారి, ఉమ్రాకి. ఇదంతా వెళ్లొచ్చినవాళ్లను అడిగి నేర్చుకున్నదే.

మొనాస్టిర్ ఎందుకంటే అక్కడ చిన్న టోర్నమెంట్లు వారం వారం వరుసగా జరుగుతాయి. ఒక్క టికెట్ ఖర్చుతో మూడు వారాలు ఆడొచ్చు. 2022లో నేను వెళ్లినప్పుడు డబ్ల్యూ15లో (ఆడవాళ్ల ప్రొఫెషనల్ టోర్నమెంట్లలో అన్నిటికంటే చిన్న మెట్టు) మెయిన్ డ్రా మొదటి రౌండ్ ఓడితే 147 డాలర్లు, పాయింట్లు సున్నా. అంతకు ముందు జరిగే క్వాలిఫయింగ్‌లోనే ఓడితే డబ్బు లేకపోగా, ఎంట్రీ ఫీజు 40 డాలర్లు మనమే కట్టాలి. అక్కడి స్ట్రింగర్ ఒక రాకెట్‌కి 15 డాలర్లు తీసుకున్నాడు. పాలీ గట్ (పాలియెస్టర్ తీగ) రెండు మూడు మ్యాచ్‌లకే చచ్చుబడుతుంది. తెగదు, కానీ బంతిని పట్టుకోదు. పెద్ద ర్యాంకుల వాళ్లు మ్యాచ్ మ్యాచ్‌కీ కొత్త గట్ వేయించుకుంటారు. నేనలా చేస్తే పది రాకెట్లకు నా మొదటి రౌండ్ డబ్బంతా పోతుంది, హోటల్ బిల్లు ఎదురు చూస్తూనే ఉంటుంది.

ఈ లెక్క భాయ్‌కి నేనెప్పుడూ చెప్పలేదు. మొదటి ఏడాదే తెలిసిపోయినట్టుంది. ఒకసారి నాలుగు రాకెట్లకూ 50 పౌండ్లు అని చెబితే తల అడ్డంగా ఊపి, "రెండు ఇప్పుడు ఆడేవి, రెండు పదిరోజుల తర్వాత బయటికి తీసేవి. వాడకపోయినా గట్ సాగుతుంది" అని, తర్వాతివి రెండూ 52 చేశారు. 200 మీటర్ల రీల్‌లో రాకెట్‌కి 12 మీటర్ల చొప్పున పదహారు రాకెట్లు వస్తాయి. మిగిలిన ఎనిమిది మీటర్ల ముక్క పారేయకుండా నా పేరు రాసి గోడకు తగిలిస్తారు. అడ్డానికి వేరే గట్ వేసే హైబ్రిడ్ పని ఉంటే ఆ ముక్కతో నిలువు పోగులు లాగేస్తారు.

మరి ఆ 2022 ట్రిప్పుకి భాయ్ దగ్గరికే వెళ్లానా? లేదు. ఆయన ఊళ్లో లేరు. టైమ్ లేక ఒక పెద్ద షోరూమ్‌లో ఇచ్చాను. ఏసీ, సోఫా, బిల్లుకి బార్‌కోడ్. అన్నింటికీ 49 అడిగాను. అక్కడికెళ్లి ప్రాక్టీసులో చూస్తే ఒకటి చెక్క పలక, ఇంకొకటి దోమల బ్యాట్. రెండూ కోసి మళ్లీ వేయించాను, 30 డాలర్లు. మొదటి రౌండ్ 6-4, 7-5తో ఓడాను. గట్టింగ్ వల్లే ఓడానని అనను, ఆ అమ్మాయి బ్యాక్‌హ్యాండ్ నాకంటే బాగుంది. కానీ రెండో సెట్‌లో 5-5 దగ్గర చేతిలో ఉన్న రాకెట్‌ని నమ్మాలా వద్దా అని ఆలోచించాను చూడండి, ఆ టెన్షన్ పౌండ్లలో కొలిచేది కాదు.

ఆయన దగ్గర ఒక పొడుగు ఖాతా పుస్తకం ఉంటుంది. తేదీ, ఎవరు, ఎన్ని పౌండ్లు, ఎక్కడికి. పోయిన నెల కరెంటు పోయి మెషిన్ ఆగినప్పుడు నా పేజీలు తిరగేశాను. పదిహేడేళ్లప్పుడు 56. అప్పట్లో బిగుతుగా ఆడితే గొప్ప అనుకునేదాన్ని. తర్వాత 53. భుజం నొప్పి మొదలైన ఏడాది 48. 2020లో మార్చి తర్వాత ఎనిమిది నెలలు ఏమీ లేదు. ర్యాంకు 612 ఉన్న వారంలో 50, ఎదురుగా "ఇండోర్" అని ఉర్దూలో. నా ర్యాంకింగ్ పాయింట్లు 52 వారాలు దాటగానే పోతాయి. ఆయన పుస్తకంలోవి మాత్రం పోలేదు.

భాయ్ షాపు నుంచి నడిచి వెళ్లే దూరంలోనే ఎల్బీ స్టేడియం. 2005లో సానియా మీర్జా హైదరాబాద్ ఓపెన్ గెలిచింది అక్కడే. మా బ్యాచ్‌లో అందరి కథా ఆ ఫైనల్ నుంచే మొదలవుతుంది, అందుకని నాది పొడిగించను.

ఇక తిట్లు. ఫోన్ ఎత్తరు. "సాయంత్రం" అంటే రేపు సాయంత్రం. శుక్రవారం మధ్యాహ్నం మూసి ఉంటుంది. బ్యాడ్మింటన్ రాకెట్లు పదొస్తే టెన్నిస్ ఒకటి వస్తుంది, ఈ ఊరి సంగతి తెలిసిందేగా, కాబట్టి సెలవుల్లో మీది అడుగున పడుతుంది. చెల్లింపు నిన్నమొన్నటిదాకా నగదే, ఇప్పుడు వాళ్లబ్బాయి క్యూఆర్ కోడ్ అతికించాడు. బండి పెట్టే చోటు లేదు, మెట్రోలో వెళ్లండి. ఎనిమిదేళ్ల పిల్లాడి అల్యూమినియం రాకెట్‌కి ఖరీదైన పాలీ వేయమంటే వేయరు, "చేయి పాడవుతుంది" అని మిమ్మల్నే కోప్పడతారు. ఆ కోపానికి స్టార్ తగ్గించినవాళ్లున్నారు, నేను తగ్గించను. ఫోన్‌కి మాత్రం తగ్గిస్తున్నాను.

ఐదుకి నాలుగు. వచ్చే సోమవారం నావి నాలుగు రాకెట్లు వరుసలో ఉంటాయి, దయచేసి మీరు మంగళవారం వెళ్లండి.