పర్లాకిమిడిలో లినక్స్ వేయించిన అనుభవం: బ్యాకప్‌కు మంచి మార్కులు, గడువుకు తక్కువ

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగియడం, మా పాత ల్యాప్‌టాప్ విండోస్ 11కు సరిపడకపోవడం వల్ల, అందులో విండోస్‌కు బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేయించడానికి పర్లాకిమిడి బజారులోని ఒక చిన్న రిపేరు షాపుకు వెళ్లాను. బ్యాకప్ పూర్తికానిదే డిస్కును ముట్టుకోనని షాపు యజమాని పట్టుబట్టారు. ఆ పట్టుదల నాకు నచ్చింది.

డాక్యుమెంట్లు, ఫొటోలతో పాటు, మామూలుగా కంటికి కనిపించని యాప్‌డేటా ఫోల్డరును కూడా, బ్రౌజర్ బుక్‌మార్కులు అందులోనే ఉంటాయని చెప్పి, కాపీ చేశారు. నా పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉన్నందున, ఎంత ఖాళీ ఉన్నా 4 జీబీ దాటిన పెళ్లి వీడియో అందులోకి వెళ్లదని వివరించి, ఆ పరిమితి లేని ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌కు మార్చారు.

అన్నింటికన్నా మెచ్చుకోదగినది ఫాంట్ల విషయం. నాన్నగారు ‘అను’ అనే పేరున్న ఫాంట్లలో టైపు చేయించిన తెలుగు పత్రాలు, అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడి అక్షర సంకేత పద్ధతి అయిన యూనికోడ్‌లో లేవు కనుక, ఆ ఫాంట్లు లేని కంప్యూటరులో అవి పిచ్చి గీతల్లా కనిపిస్తాయి; అందుకని ఫాంట్లను విడిగా తీసి, ముఖ్యమైన పత్రాలను విండోస్ ఉండగానే పీడీఎఫ్‌లుగా మార్చి ఇచ్చారు. (ఈ సంగతి నాకు తట్టనే లేదు.)

అయితే సాయంత్రానికి ఇస్తామన్న ల్యాప్‌టాప్ మూడో రోజుకు గానీ చేతికి రాలేదు. పైగా ఒకే కాపీతో సరిపెట్టబోతే, రెండో హార్డ్‌డిస్కు నేనే తెచ్చిచ్చి, రెండింటిలోనూ ఫైళ్లు తెరిపించి చూసిన తరువాతనే పాత విండోస్‌ను చెరపనిచ్చాను.