పెన్సిల్ పట్టుకుని యానాం నుంచి నర్సాపురం దాకా

చర్చి లోపలి బొమ్మ వేయాలంటే కోనసీమ వైపు వచ్చేవాళ్లకి ముందు గుర్తొచ్చేది యానాం. కాకినాడ నుంచి సుమారు 30 కిలోమీటర్లు, బస్సులకి లోటు లేదు. అక్కడి సెయింట్ ఆన్స్ క్యాథలిక్ చర్చి ఫ్రెంచి మిషనరీలు కట్టించింది, 1846లో పూర్తయింది. ఉపదేశి (చర్చిలో బోధన చూసుకునే ఆయన) గారిని అడిగితే, పూజ అయ్యాక కూర్చోమని కుర్చీ కూడా వేయించారు.

పీఠం, అంటే పూజ జరిపే బల్ల, గీయడం తేలికే. తంటా అంతా ఫ్యాన్లతోనే. పొడుగాటి రాడ్లకి వేలాడుతుంటాయి, పక్కనే స్పీకర్లు, వైర్లు. అన్నీ తీసేస్తే పోస్టుకార్డు అవుతుంది, అన్నీ వేస్తే కాగితం కిక్కిరిసి లోతు పోతుంది. ఫ్యాన్లు ఉంచాను, స్పీకర్లు వదిలేశాను. బొమ్మ బాగానే వచ్చింది, అంతే.

బస సంగతి చెప్పక్కర్లేదు. రివర్ వ్యూ అని అదనంగా తీసుకున్నారు, కిటికీ తెరిస్తే పక్కింటి వాటర్ ట్యాంకు!

అసలు బొమ్మ నర్సాపురంలో దొరికింది. 1836లో ఇంగ్లీషు మిషనరీ ఆంథనీ నోరిస్ గ్రోవ్స్ వెంట వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ ఈ ప్రాంతంలో మొదలుపెట్టిన పనే గోదావరి డెల్టా మిషన్. అది బ్రదరన్ అనే ప్రొటెస్టెంటు శాఖది. వాళ్ల సహవాసాల్లో, అంటే సంఘాల్లో, స్వరూపాలు (విగ్రహాలు) ఉండవు, పీఠం ఉండదు. నేను కూర్చున్న పాత హాల్లో ఉన్నవి బెంచీలు, రొట్టె విరిచే బల్ల, సున్నం గోడలు. గీయడానికి ఏముంది ఇక్కడ అనిపిస్తుంది. కానీ పెన్సిల్ బొమ్మలో తెలుపంటే కాగితమే కదా. గోడని ముట్టుకోకుండా వదిలేసి, కిటికీ మందం దగ్గర గట్టి 2హెచ్ పెన్సిల్‌తో పల్చగా, బల్ల కింద మెత్తటి 4బీతో చిక్కగా నీడ దిద్దితే చాలు, హాలంతా వెలుగు నిండింది.

డచ్చి చిత్రకారుడు పీటర్ సాన్‌రెడామ్ 1636లో ఉట్రెక్ట్‌లో నెలల తరబడి ఉండి చర్చిల లోపలి భాగాలు కొలతలతో సహా గీసుకున్నాడు. వాటిలో కొన్నిటిని ఏళ్ల తర్వాత గానీ రంగుల్లో వేయలేదు. ప్రొటెస్టెంటు మత సంస్కరణ తర్వాత విగ్రహాలు తీసేసి తెల్లగా సున్నం కొట్టిన చర్చిలవి. నా లెక్కలో ఆయనకి యానాం కంటే నర్సాపురమే నచ్చేది.

వచ్చేవాళ్లు పాలకొల్లులో దిగడం మేలు. లాడ్జీలున్నాయి, నర్సాపురానికి రైలూ బస్సూ రెండూ దొరుకుతాయి. వానాకాలంలో మాత్రం మందపాటి కాగితం తెచ్చుకోండి, పల్చనిది గాలి చెమ్మకే మెత్తబడి గీత నిలవదు. సంఘ పెద్దల్ని ముందురోజే అడిగి, ఆదివారం తప్ప ఏ రోజైనా వెళ్లండి.