స్కిల్ టెస్టుకు సెస్నా 172ఎస్: మంచి బండే, దాని చెడ్డ అలవాట్లు తెలుసుకుని ఎక్కండి

వరంగల్ పక్కన మామునూరు విమానాశ్రయంలో రోజువారీ విమానాలే 1981 నుంచి లేవు, ఇక ఫ్లయింగ్ స్కూలు మాటెక్కడిది. హనుమకొండ, కరీంనగర్, మంచిర్యాల పిల్లలు కమర్షియల్ లైసెన్సుకు కావాల్సిన 200 గంటలు నింపుకోవాలంటే హైదరాబాద్‌కో, మహారాష్ట్రకో, అప్పు పుడితే అమెరికాకో పోవాల్సిందే. ఎక్కడికి పోయినా స్కిల్ టెస్టు, అంటే లైసెన్సు కోసం ఎగ్జామినర్‌ను పక్కన పెట్టుకుని ఎగిరి చూపించే పరీక్ష రోజు, చాలామంది కూర్చునేది సెస్నా 172 అనే నాలుగు సీట్ల చిన్న విమానంలోనే. ఆ బండి నడపడానికి ఎంత హాయిగా ఉంటుందన్నది ఇక్కడ విషయం కాదు. పక్క సీట్లో ఎగ్జామినర్ ఉన్నప్పుడు అది ఎక్కడ మోసం చేస్తుంది, ఎందుకు చేస్తుంది అన్నదే మేం చూసింది. మా లెక్కలో పదికి ఏడున్నర. పోయిన రెండున్నరలో ఎక్కువ భాగం ముందు చక్రం ఖాతాలోదే.

దాని కొత్త రకం 172ఎస్‌లో ఉండేది లైకమింగ్ ఐఓ-360 ఇంజిన్, 180 హార్స్‌పవర్. కార్బ్యురేటర్ లేదు, ఫ్యూయల్ ఇంజెక్షన్. కాబట్టి వానాకాలం తేమలో కార్బ్యురేటర్‌లో మంచు పట్టి ఇంజిన్ గొంతు నొక్కే బాధ లేదు. పాత 172ఎన్‌లో, రెండు సీట్ల సెస్నా 152లో ఆ బాధ ఉంది. గరిష్ఠ బరువు 2,550 పౌండ్లు. వాడుకోగలిగిన పెట్రోలు 53 గ్యాలన్లు, అంటే 200 లీటర్లు. ఫ్లాప్స్ (రెక్క వెనకంచున కిందికి దిగే పలకలు) లేకుండా 48 నాట్స్ దగ్గర, పూర్తి ఫ్లాప్స్‌తో 40 దగ్గర స్టాల్ అవుతుంది, అంటే రెక్క ఎత్తే బలం కోల్పోతుంది. (వరినాట్లు కాదు, గంటకు నాటికల్ మైళ్లు.)

ఈ అంకెలన్నీ కంపెనీ పుస్తకంలోవి. పుస్తకం చెప్పే 960 అడుగుల టేకాఫ్ పరుగు సముద్ర మట్టంలో, 15 డిగ్రీల చలిలో. వరంగల్ ఎత్తు సుమారు 900 అడుగులు. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలుంటే ఆ ఎత్తులో ఉండాల్సిన ప్రామాణిక ఉష్ణోగ్రత కన్నా 29 డిగ్రీలు ఎక్కువ. డిగ్రీకి 120 అడుగుల చొప్పున కలిపితే డెన్సిటీ ఆల్టిట్యూడ్, అంటే గాలి పల్చదనాన్ని బట్టి లెక్కేసే ఎత్తు, 4,300 అడుగులు దాటుతుంది. ఇంజిన్, రెక్క, ప్రొపెల్లర్ మూడూ అంత ఎత్తులో ఉన్నట్టే పనిచేస్తాయి. నిండు బరువుతో పరుగు దాదాపు మూడో వంతు పెరుగుతుంది, ఎక్కుడు నీరసంగా ఉంటుంది. పొద్దున ఏడింటి స్లాట్ దొరికితే వదలొద్దు.

ముందు రెండు సీట్లలో ఇద్దరు కూర్చుని వెనక ఖాళీగా ఉంటే ఈ బండికి ముక్కు బరువెక్కుతుంది. టెస్టు రోజు పరిస్థితి సరిగ్గా ఇదే. నేల దగ్గర ముక్కు లేపడానికి యోక్ (చేతిలోని స్టీరింగు) మామూలు కన్నా ఎక్కువ లాగాలి. లాగనివాళ్లు మూడు చక్రాలూ ఒకేసారి ఆనిస్తారు, లేదా ముందు చక్రమే ముందు ఆనిస్తారు. సామాన్ల అరలో 20 లీటర్ల నీళ్ల క్యాన్ పెట్టి వల బిగించి కడితే కొంత తేడా పోతుంది. వెయిట్ అండ్ బ్యాలెన్స్ కాగితంలో ఆ 20 కిలోలూ రాయండి, ఎగ్జామినర్ కచ్చితంగా అడుగుతాడు. టెస్టులో స్పిన్ (స్టాలై గిరగిరా తిరుగుతూ పడడం) కూడా ఉంటే మాత్రం ఆ క్యాన్ దించాల్సిందే. యుటిలిటీ కేటగిరీలో, అంటే 2,200 పౌండ్ల లోపు, వెనక సీటూ సామాన్ల అరా ఖాళీగా ఉంటేనే దీన్ని స్పిన్‌కు అనుమతిస్తారు.

ప్రమాదాలకు అసలు పుట్టిల్లు ఉత్తుత్తి ఇంజిన్ ఫెయిల్యూర్. ఎగ్జామినర్ థ్రాటిల్ (ఇంజిన్ పవర్ పెంచి తగ్గించే పిడి) వెనక్కి లాగి ‘ఇంజిన్ పోయింది’ అంటాడు. అక్కడి నుంచి 68 నాట్స్ పట్టుకోవాలి, పొలం ఎంచుకోవాలి, ఆ తర్వాతే చెక్‌లిస్టు. తప్పులు మూడో పనిలో జరుగుతాయి. మళ్లీ స్టార్ట్ చేసే వరస: ఫ్యూయల్ షట్ఆఫ్ లోపలికి, ఫ్యూయల్ సెలెక్టర్ బోత్ (రెండు ట్యాంకులూ), ఆక్సిలరీ పంపు ఆన్, మిక్స్చర్ (గాలిలో కలిసే పెట్రోలు పాలు) రిచ్, ఇగ్నిషన్ బోత్. ఇది అయ్యాక దిగబోయే ముందు వరస వేరే ఉంటుంది: మిక్స్చర్ కట్, షట్ఆఫ్ బయటికి, ఇగ్నిషన్ ఆఫ్. ఈ రెండో వరసను వేలితో తాకి నోటితో చెప్పాలి, అంతే. బట్టీ పట్టిన చెయ్యి కంగారులో నిజంగానే ఎర్ర మిక్స్చర్ నాబ్ వెనక్కి లాగేస్తుంది. 800 అడుగుల దగ్గర ఉత్తుత్తి ఫెయిల్యూర్ అసలుదైపోతుంది. అందుకే టేకాఫ్‌కు ముందే ఎగ్జామినర్‌తో ‘సార్, ఇవి తాకుతాను, లాగను’ అని మాటగా చెప్పుకోవాలి.

ఇంకో చిక్కుంది. చాలాసేపు ఐడిల్‌లో, అంటే థ్రాటిల్ పూర్తిగా తగ్గించి, జారితే ఇంజిన్ చల్లబడుతుంది, ప్లగ్గులకు మసి పడుతుంది. కింద 500 అడుగుల దగ్గర ఒక్కసారి ఫుల్ థ్రాటిల్ ఇస్తే దగ్గి ఆగిపోవచ్చు. దిగుతున్నప్పుడు మధ్యమధ్య థ్రాటిల్ సగం దాకా తోసి రెండు మూడు సెకన్లు ఇంజిన్‌ను పలకరించి మళ్లీ తగ్గించాలి. పవర్ లేకుండా ఈ బండి వెయ్యి అడుగుల ఎత్తుకు ఒకటిన్నర నాటికల్ మైలు జారుతుంది, అంటే రెండున్నర కిలోమీటర్ల పైచిలుకు. గాలి ఎదురైతే అంత ఉండదు.

పొలం ఎంపిక గురించి కొంచెం ఆగి చెప్పాలి. ట్రైనింగ్ పుస్తకాలు చదును నేల చూసుకోమంటాయి. ఉత్తర తెలంగాణలో చదునుగా కనిపించేదంతా దిగే నేల కాదు. ఆగస్టులో నాటేసిన మడి పైనుంచి నున్నగా ఉంటుంది, కింద మోకాలి లోతు బురద. ముందు చక్రం దిగబడితే బండి పల్టీ కొడుతుంది. దుక్కి దున్నిన నల్లరేగడిలో సాళ్లకు అడ్డంగా దిగినా అదే గతి, సాళ్ల వెంటే దిగాలి. అన్నిటికన్నా పెద్ద శత్రువు కరెంటు తీగ. బోర్లున్న ప్రతి పొలంలో ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, దాని నుంచి నాలుగు దిక్కులకూ లైన్లు పోతాయి. వెయ్యి అడుగుల నుంచి తీగ కనపడదు, స్తంభం కనపడుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ గద్దె ఇంకా బాగా కనపడుతుంది. రెండు స్తంభాలు కనిపిస్తే మధ్యలో తీగ ఉన్నట్టే లెక్క. గట్ల మీద తాటిచెట్ల వరస ఉంటే దాని పక్కన, దానికి సమాంతరంగా దిగాలి. వేసవిలో ఎండిన చెరువు మంచి ఎంపిక, ఒండ్రు తీసిన గుంతలు లేకపోతే.

ఫ్లాప్స్ 30 పెట్టి, ట్రిమ్ (యోక్ బరువు తగ్గించే చక్రం) ముక్కు పైకి తిప్పి దిగుతున్నప్పుడు ఎగ్జామినర్ గో అరౌండ్ (దిగకుండా మళ్లీ పైకి లేవడం) చెప్తే ఫుల్ పవర్‌తో ముక్కు గుర్రంలా లేస్తుంది. బొటనవేలితో కాదు, అరచేత్తో యోక్ తొయ్యాలి. వెంటనే ఫ్లాప్స్ 20, వేగం 60 నాట్స్, తర్వాత 10, అడ్డంకులు దాటాక సున్నా. తొందరపడి ఒకేసారి మొత్తం తీసేస్తే బండి చతికిలపడుతుంది. ఫ్లాప్ లివర్‌కు 10, 20 దగ్గర ఉన్న గాట్లు ఇందుకే, చూడకుండా చేతితో పట్టి తెలుసుకోవాలి.

స్టాల్ విషయంలో బండి చాలా సాత్వికం. అదే దాని తప్పు. ముక్కు బరువున్నప్పుడు తెగి పడదు, ఊగుతూ దిగుతుంది. ‘స్టాల్ కాలేదేమో’ అని అభ్యర్థి ఇంకా లాగుతాడు, కుడి రడ్డర్ (కాలితో తిప్పే తోక చుక్కాని) మరిచిపోతాడు. ఎడమ రెక్క దిగుతుంది, దాన్ని ఎయిలెరాన్‌తో (రెక్కల చివరి పలకలతో) ఎత్తబోతాడు, స్పిన్ మొదలు. బయటపడాలంటే థ్రాటిల్ ఐడిల్, ఎయిలెరాన్ మధ్యలో, తిరుగుడుకు వ్యతిరేక రడ్డర్ పూర్తిగా, యోక్ చురుగ్గా ముందుకు. అమెరికా ప్రమాణాల్లో ఒకే ఇంజిన్ బండి నేలకు 1,500 అడుగుల పైనే స్టాల్ నుంచి కోలుకోవాలి. స్టాల్ హారన్ ఎడమ రెక్క అంచున చిన్న రంధ్రం, లోపల పీక. దాని మీద శుభ్రమైన చేతిరుమాలు పెట్టి నోటితో పీల్చితే బూర ఊదినట్టు కూయాలి. కూయకపోతే ఆ బండి ఆ రోజుకు వద్దు.

ల్యాండింగ్‌లో ఈ బండి తేలుతుంది. షార్ట్ ఫీల్డ్ (పొట్టి రన్‌వే) ల్యాండింగ్‌కు 61 నాట్స్ అన్నచోట 70తో వస్తే గుర్తు దాటి చాలా దూరం తేలుతూ పోతుంది. అమెరికా కమర్షియల్ టెస్టులో పవర్ లేకుండా 180 డిగ్రీలు తిరిగి దిగే అంశం ఉంది: గుర్తుకు ముందు ఆనకూడదు, దాటితే 200 అడుగుల లోపే. అక్కడ ఇద్దరు అభ్యర్థులు రెండు రకాలుగా దెబ్బ తింటారు. తక్కువ పడ్డవాడు ముక్కెత్తి సాగదీసి వేగం పోగొట్టుకుంటాడు, ఎక్కువైనవాడు యోక్ తోసి చక్రాలు బలవంతంగా ఆనిస్తాడు. ముందు చక్రం ఆని ఎగిరితే దాన్ని తోసి దించబోయారో, రెండో ఎగురుడు పెద్దది, మూడోదానికి ప్రొపెల్లర్ నేలకు తగులుతుంది. ప్రొపెల్లర్ తగిలితే ఇంజిన్ విప్పి చూడాల్సిందే, లక్షల ఖర్చు. మొదటి ఎగురుడుకే పవర్ ఇచ్చి గో అరౌండ్ చెయ్యడం మార్కులు పోగొట్టదు.

ఎగిరే ముందు తనిఖీలో, ఇంతకు ముందెవరో ఇలా దించారా అని ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య రేకు గోడ) కింది భాగం చూడండి. రేకు ముడతలు, లేచిన రివెట్లు ఉంటే అడగండి. ముందు టైరులో గాలి 45 పీఎస్‌ఐ, పక్కవాటికి 42. పెట్రోలు డ్రెయిన్లు మొత్తం 13, రెక్కకు ఐదు చొప్పున, పొట్ట కింద మూడు. అద్దెకు తిరిగే బండ్లలో ఆ మూడింటినీ ఎవరూ ముట్టుకోరు, నీళ్లు చేరేది అక్కడే.

సీటు పట్టాలు సెస్నాకు పాత జబ్బు. టేకాఫ్‌లో ముక్కు లేవగానే పిన్ను ఊడి సీటు వెనక్కి జారితే చేతిలో యోక్ కూడా వస్తుంది, కాళ్లకు రడ్డర్ అందదు. లాక్ వేశాక నడుంతో ముందుకీ వెనక్కీ రెండుసార్లు గట్టిగా ఊపి చూడాలి. పైలట్ సీటుకు సెకండరీ సీట్ స్టాప్ (సీటు జారితే ఆపే రెండో పట్టు) బిగించారో లేదో స్కూలును అడగొచ్చు.

కంట్రోల్ ఎవరిదన్నది ఇంకో తగువు. ‘యూ హ్యావ్ కంట్రోల్’, ‘ఐ హ్యావ్ కంట్రోల్’, మళ్లీ మొదటివాడు ‘యూ హ్యావ్ కంట్రోల్’, మూడు మాటలూ పూర్తవ్వాలి. అమెరికాలో ముందుగా ఒప్పుకుంటే తప్ప ఎగ్జామినర్ పైలట్ ఇన్ కమాండ్ (బండికి బాధ్యుడు) కాడు, అభ్యర్థే. ‘పెద్దాయన ఉన్నాడు, చూసుకుంటాడు’ అనుకుని చెయ్యి వదిలితే ఆ క్షణం బండిని ఎవరూ నడపడం లేదు.

బండి వయసు అడగడం అమర్యాద కాదు. 2018 ఏప్రిల్ 4న ఫ్లోరిడాలోని డేటోనా బీచ్‌లో కమర్షియల్ టెస్టు జరుగుతుండగానే పైపర్ ఆరో అనే శిక్షణ విమానం ఎడమ రెక్క ఊడిపోయింది. అభ్యర్థి, ఎగ్జామినర్ ఇద్దరూ చనిపోయారు. రెక్క దూలంలో బోల్టు రంధ్రం దగ్గర లోహం అలసి పగులు పట్టింది. అది 2007 బండి, 7,600 గంటలకు పైగా శిక్షణలో తిరిగింది. 172 రెక్కకు కింద స్ట్రట్ (ఏటవాలు కడ్డీ) ఆసరా ఉంది, నిజమే. కానీ రోజుకు ఇరవై ల్యాండింగులు తినే బండికి ఏ ఆసరా ఉన్నా లాగ్‌బుక్ చూడాల్సిందే: మొత్తం గంటలు, చివరి 100 గంటల తనిఖీ, హార్డ్ ల్యాండింగ్ నమోదులు.

చౌక అని 152 వైపు చూసేవాళ్లు ముందు తూకం వెయ్యండి. గరిష్ఠం 1,670 పౌండ్లు. ఖాళీ బరువు 1,140 అనుకుంటే, నిండు పెట్రోలు 147 పోగా మిగిలేది 383, అంటే ఇద్దరికీ కలిపి 174 కిలోలు. ఎగ్జామినర్ 95 కిలోల మనిషైతే మీకు 79, బ్యాగుతో సహా. అంతకు మించితే పెట్రోలు తగ్గించుకుని ఎగరాలి, అప్పుడు 250 నాటికల్ మైళ్ల క్రాస్ కంట్రీ టెస్టుకు రిజర్వు పెట్రోలు లెక్క మళ్లీ మొదటి నుంచి వేసుకోవాలి. సన్నగా ఉండి, స్పిన్ బాగా నేర్చుకోవాలనుకునే వాళ్లకు మాత్రం 152నే మంచిది.